తాపీ మేస్త్రీ కాంట్రాక్టరు అగుట
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

మన గ్రామములలో ఏదో ఒక కట్టడపు పని జరుగని సంవత్సరము నేడు లేదు. ఒక యేట పాఠశాలకు గది, మరియొక యేట అంగన్‌వాడీ కేంద్రము, ఆ పిమ్మట సిమెంటు రోడ్డు, మురుగు కాలువ, శ్మశానమునకు ప్రహరీ గోడ. ఈ పనులలో ఇటుక పేర్చు చేతులు చాలవరకు ఆ యూరివియో, పొరుగూరివియో అయియుండును. కాని ఒడంబడిక కాగితముపై నుండు పేరు మాత్రము తరచుగ వేరొకరిది. పట్టణములోని లైసెన్సుదారు తన పేర టెండరు వేయును. పని దొరకిన పిమ్మట నూటికి ఇంత యని తన వాటా పట్టుకొని, పనిని ఊరి మేస్త్రీకి అప్పగించును. మేస్త్రీ అప్పు తెచ్చి, కూలీలను కూర్చి, పని ముగించును. బిల్లు సొమ్ము లైసెన్సుదారు ఖాతాలో పడును. అతడిచ్చిననాడు మేస్త్రీ పుచ్చుకొనును; ఈయనిచో అడుగుటకు మేస్త్రీ చేతిలో చిత్తు కాగితమైనను ఉండదు.

ఇందువలన మేస్త్రీతోపాటు గ్రామమును నష్టపడుచున్నది. శ్లాబు కారినప్పుడు మేస్త్రీని నిలదీసినచో, తనకు ముట్టిన సొమ్ముకు అంతకన్న పని రాదనును. లైసెన్సుదారుని అడిగినచో పని చేసినవానివైపు వ్రేలు చూపును. నడుమ వాటాగా పోయిన సొమ్ము ఆకాశమునుండి ఊడిపడలేదు. అది సిమెంటులోనుండి, ఇనుములోనుండి, శ్లాబును తడుపుటకు పెట్టవలసిన కూలిలోనుండి పోయినదే. పైగా, అధికారుల అనుమతి లేక పనిని మరియొకరికి అప్పగించుట ప్రభుత్వ ఒడంబడికల షరతులకు విరుద్ధము. అయినను ఈ వాడుక సాగుచునే యున్నది. ఊరి మేస్త్రీ తన పేర నమోదు చేయించుకొనుట అసాధ్యమని తలచుటయే దీనికి ముఖ్య కారణము. ఆ తలంపు సరియైనది కాదు. అడుగు తరగతి నమోదు అనుభవముగల మేస్త్రీకి అందుబాటులోనిదే. అంతకన్న కష్టమైనది నమోదు తరువాత వచ్చు లెక్క. ఈ రెంటిని గురించియు పంచాయతీ సభ్యులు తెలిసికొనియున్నచో తమ ఊరి పనివానికి దారి చూపగలరు.

లైసెన్సు ఎవరికి కావలయును?

గ్రామములో ఒక రైతు తన సొంత యిల్లు కట్టించుకొనునప్పుడు ఆ పని చేయు మేస్త్రీకి లైసెన్సు అక్కరలేదు. పంచాయతీ అనుమతి తీసికొనవలసినది ఇంటి యజమాని. మేస్త్రీ ఆ అనుమతి పత్రమును ఒకమారు కన్నులారా చూచి పునాది త్రవ్వుట మంచిది. హద్దు తగాదాలో కట్టిన గోడ పడగొట్టవలసి వచ్చినచో కూలి సొమ్ముకు ఎగనామము పడునది మేస్త్రీకే. విద్యుత్తు తీగల పని మాత్రము వేరు. దానిని ఆ శాఖ లైసెన్సు పొందినవానికే అప్పగింపవలెను.

ప్రభుత్వ ధనముతో జరుగు పనికి కాంట్రాక్టరు నమోదు కావలయును. జనులు దీనినే లైసెన్సు అందురు. ఆంధ్ర ప్రాంతమునందును, తెలంగాణమునందును నేటి నమోదు పద్ధతికి మూలము 2003 జూలైలో ఉమ్మడి రాష్ట్ర నీటిపారుదల శాఖ వెలువరించిన 94వ నెంబరు ఉత్తరువు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట రెండు ప్రభుత్వములును దానిని తమ అవసరములకు తగినట్లు సవరించుకొనుచు వచ్చినవి. ఆ ఉత్తరువు కాంట్రాక్టరులను తరగతులుగ విభజించినది. అన్నిటికంటె పైది స్పెషల్ తరగతి. దాని క్రింద మొదటి తరగతి నుండి అయిదవ తరగతి వరకు కలవు. ఒక్కొక్క తరగతివారు ఎంత విలువగల పని వరకు టెండరు వేయవచ్చునో అందు నిర్ణయింపబడియుండును. ఈ మొత్తములు అప్పుడప్పుడు మారుచుండును గనుక, దరఖాస్తు పెట్టు దినమున అమలులోనున్న పట్టికను ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కార్యాలయమున చూచుకొనవలెను. ఊరి మేస్త్రీ మొదట చూడవలసినది అయిదవ తరగతి. దాని నమోదు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు స్థాయిలోనే జరుగును. పై తరగతులకు సూపరింటెండింగు ఇంజనీరు వద్దకును, ఇంకను పై వానికి చీఫ్ ఇంజనీరు వద్దకును పోవలయును.

దరఖాస్తుతో కోరబడు పత్రములు పెద్ద చిక్కైనవి కావు. ఆధారు, ఆదాయపు పన్ను శాఖవారి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, నివాసమును తెలుపు పత్రము, ధన సామర్థ్యమును తెలుపు సాల్వెన్సీ పత్రము, చేసిన పనులను గూర్చిన అనుభవ పత్రము, నిర్ణీత రుసుము. సివిల్ ఇంజనీరింగులో డిగ్రీ గాని డిప్లొమా గాని గలిగి ఉద్యోగము లేని యువకులకు అనుభవ విషయమున సడలింపు చూపబడినది. ఊరిలో అట్టి యువకుడును, పనితనముగల మేస్త్రీయు ఇద్దరును ఉండి, వేరువేరుగ తిరుగుచుండుట మనము చూచుచున్నదే. వారు భాగస్థులై 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము సంస్థను రిజిస్టరు చేయించుకొనవచ్చును. ఒకనికి కాగితము తెలియును, ఒకనికి రాయి తెలియును. భాగపు నిష్పత్తిని మాత్రము నోటిమాటగ విడువక దస్తావేజులో వ్రాసికొనవలెను.

అనుభవ పత్రమువద్దనే చాలమంది మేస్త్రీలు ఆగిపోవుచున్నారు. ఇరువది యేండ్లు పనిచేసినను ఆ పనులన్నియు పరుల పేర జరిగినవి గనుక చూపుటకేమియు ఉండదు. ఇది ఇతరుల లైసెన్సు నీడన పనిచేయుటలోని రెండవ నష్టము. అబద్ధపు పత్రము తెచ్చి నమోదు చేయించెదమని చెప్పు మధ్యవర్తులు ప్రతి పట్టణమునను కలరు. వారి మాట వినరాదు. పత్రము తప్పుడుదని తేలినచో నమోదు రద్దగును, ధరావతు పోవును, మరల ఏ శాఖయందును అడుగు పెట్టుటకు వీలుండదు. ఒకసారి చేసిన నమోదు సామాన్యముగ అయిదేండ్లు చెల్లును. గడువునకు ముందే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకొనవలెను.

చదువు తక్కువైన పనివారికి శిక్షణ వసతులును కలవు. హైదరాబాదులో 1998లో స్థాపింపబడిన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీ పని, ఇనుప చువ్వలు వంచు పని, గొట్టముల పని మున్నగు వానిలో శిక్షణ నిచ్చుచు వచ్చినది. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ గృహ పథకము క్రింద గ్రామీణ తాపీ పనివారికి 45 దినముల శిక్షణయు, పిమ్మట పరీక్షయు ఏర్పరుపబడినవి. ఆ పథకపు ఇండ్లను కాంట్రాక్టరుకు అప్పగింపరాదనియు, లబ్ధిదారే కట్టుకొనవలెననియు నియమము కలదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టమును తన పనులలో కాంట్రాక్టరును నిషేధించినది. ఏ పనికి కాంట్రాక్టరు తగును, ఏ పనికి తగడు అనునది సభ్యులు ముందుగ తెలిసికొనియుండుట మంచిది.

మేస్త్రీకిని కాంట్రాక్టరుకును గల భేదము

పాలమూరు కూలీల పేరు విననివారుండరు. మహబూబునగరు జిల్లానుండి గుంపులు గుంపులుగ బయలుదేరి దేశములోని ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టినవారు వారు. గుంపు మేస్త్రీ ఒక్కొక్క కుటుంబమునకు ముందుగ అడ్వాన్సు ఇచ్చి, వారిని దూరదేశములలోని పనికి తోడుకొని పోవుచుండెను. బాకీ తీరువరకు వారు ఆ పని విడువరాదు. ఈ పద్ధతిలోని కష్టములు ఎరిగినదే. 1979లో పార్లమెంటు రాష్ట్రాంతర వలస కార్మికుల చట్టము చేయుటకు ఇట్టి పద్ధతులే కారణము. ఇక్కడ మనకు కావలసిన సంగతి వేరొకటి. గుంపు మేస్త్రీ వందలమందిచే పని చేయించగలవాడు. ఇంత మట్టికి ఇంత, ఇంత రాతికి ఇంత యని గుత్త మాట్లాడుకొనగలవాడు. కాని ఆ పని ఇంజనీరు పుస్తకములో ఎట్లు వ్రాయబడుచున్నదో అతడు చూడడు. అందుచే అతడు జీవితాంతము మేస్త్రీగనే ఉండును.

ఆ పుస్తకమును కొలతల పుస్తకము, లేక ఎం-బుక్కు అందురు. ప్రభుత్వ పనికి సొమ్ము చెల్లించునది అందు వ్రాసిన కొలతలనుబట్టియే. పునాది ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు. ఇటుక కట్టు ఎన్ని ఘనపు మీటర్లు. ఇనుము ఎన్ని కిలోలు. ఇంజనీరు కొలిచి వ్రాసిన పిమ్మట కాంట్రాక్టరు ఒప్పుకొని సంతకము పెట్టును. మట్టిలోను, కాంక్రీటులోను కప్పబడిపోవు పని యెడల మిక్కిలి జాగ్రత్త కావలయును. పునాది పూడ్చక ముందే లోతు కొలిపించవలెను. కాంక్రీటు పోయక ముందే చువ్వలను లెక్కింపించవలెను. పూడ్చిన తరువాత నాలుగడుగుల లోతు త్రవ్వితినని ఎంత ప్రమాణము చేసినను మూడడుగులకే బిల్లు రావచ్చును. కొత్త కాంట్రాక్టరు తన జేబులో వేరొక చిన్న పుస్తకముంచుకొని, ఏ దినమున ఏ కొలత తీయబడినదో, ఎన్ని బస్తాల సిమెంటు వాడబడినదో, ఎందరు కూలీలు వచ్చిరో వ్రాసికొనుచుండవలెను. ఈ అలవాటు ఒక్కటి ఏర్పడినచో సగము చదువు వచ్చినట్లే.

టెండరు వేయుట

ఉమ్మడి రాష్ట్రములో 2003లో కంప్యూటరు ద్వారా టెండరు వేయు పద్ధతి మొదలైనది. నేడు ఆంధ్రప్రదేశమునకును, తెలంగాణమునకును వేరువేరు టెండరు వేదికలు కలవు. అందు పాల్గొనుటకు డిజిటల్ సంతకము కావలయును. అది ఒక చిన్న పరికరములో నుండును, దానికొక రహస్య సంకేతముండును. పలువురు ఆ రెంటిని పట్టణములోని కంప్యూటరు కేంద్రమువాని చేతికిచ్చి వచ్చుచున్నారు. ఇది ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకము చేసి ఇచ్చుటతో సమానము. వాని యెదుట కూర్చుండి, ప్రతి అంకెను చదివించుకొని, పరికరమును తిరిగి జేబులో వేసికొని రావలెను.

టెండరుతోపాటు ధరావతు చెల్లింపవలెను. 2003 నాటి ఉత్తరువు పెట్టిన పద్ధతి ప్రకారము ఇది మొత్తము నూటికి రెండున్నర. టెండరు వేయునప్పుడు ఒకటి, ఒడంబడిక చేసికొనునప్పుడు ఒకటిన్నర. ఇదికాక ప్రతి బిల్లునుండియు నూటికి ఏడున్నర చొప్పున నిలుపుదల చేయుదురు. ఆయా పనికి వర్తించు అంకెలు ఆ టెండరు ప్రకటనయందే ఉండును గనుక దానిని తుదివరకు చదివి వేయవలెను.

ఇక ధర. ప్రభుత్వ అంచనా రేట్ల పట్టికనుబట్టి తయారగును. ఆ రేటులో సామాను ఖరీదు, కూలి, యంత్రముల ఖర్చు పోగా కాంట్రాక్టరు లాభమునకును, అతని ఇతర ఖర్చులకును కొంత చేర్చబడును. కేంద్ర ప్రజా పనుల శాఖవారి లెక్కలో ఇది నూటికి 15. దీనినే ఉదాహరణగ తీసికొందము. జి.ఎస్.టి. కాక 8 లక్షల రూపాయల అంచనాగల పాఠశాల గది యున్నదనుకొనుడు. ఇందు అసలు ఖర్చు సుమారు 6,95,650 రూపాయలు, మిగిలిన 1,04,350 రూపాయలు లాభమును, ఇతర ఖర్చులును. పోటీలో పని దక్కించుకొనవలెనను ఆత్రముతో ఒకడు నూటికి 10 తగ్గించి వేసినచో 80,000 రూపాయలు పోవును. మిగులునది 24,350. ఇందులోనే తిరుగుడు ఖర్చు, కాపలావాని జీతము, కాగితముల ఖర్చు పెట్టుకొనవలెను. నూటికి 15 లాభమున్నదిగదా యని నూటికి 15 తగ్గించినవానికి 15,650 రూపాయలు చేతినుండియే పడును. లాభము అసలు ఖర్చుపై కట్టినది. తగ్గింపు మొత్తము అంచనాపై పోవునది. ఈ చిన్న సంగతి తెలియక మొదటి పనితోనే మునిగినవారు కలరు. అంచనాకన్న మిక్కిలి తక్కువకు వేసినవారు ఆ వ్యత్యాసమునకు అదనపు ధరావతు కూడ కట్టవలసియుండును.

తక్కువకు వేసినవానికే పని ఇచ్చుట వలన పంచాయతీకి లాభమని కొందరు సభ్యులు సంతసింతురు. నిజమునకు నూటికి ఇరువది తక్కువకు ఒప్పుకొన్నవాడు ఆ లోటును ఎక్కడ పూడ్చునో ఆలోచించి, ఆ పనిని రెండింతల జాగ్రత్తతో చూచుకొనవలసిన సమయమది.

బిల్లులో ఏమి చేతికి వచ్చును?

పై పనియందే పైకప్పు మట్టము వరకు కట్టగా 3 లక్షల రూపాయల భాగపు బిల్లు అయినదనుకొందము. నూటికి ఏడున్నర నిలుపుదల 22,500. ఆదాయపు పన్ను క్రింద వ్యక్తియైనచో నూటికి 1 చొప్పున 3,000. ఒడంబడిక విలువ రెండున్నర లక్షలు మించినది గనుక జి.ఎస్.టి. క్రింద నూటికి 2 చొప్పున 6,000. నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు నూటికి 1 చొప్పున 3,000. మొత్తము 34,500 పోగా చేతికి వచ్చునది 2,65,500. ఇసుక, కంకర, మొరము మున్నగు వానికి సీనరేజి చెల్లించిన రసీదులు చూపనిచో అదియును తగ్గును.

ఇందు అన్నియు శాశ్వతముగ పోవు సొమ్ములు కావు. ఆదాయపు పన్నుగ పట్టినది రిటర్ను దాఖలు చేసినచో లెక్కకు వచ్చును, పన్ను లేనివానికి తిరిగివచ్చును. జి.ఎస్.టి. క్రింద పట్టినది అతని ఖాతాలో జమ యగును. రిటర్నులు దాఖలు చేయనివాడు మాత్రము తన సొమ్మును తానే వదలుకొనుచున్నాడు. సేవల వ్యాపారము సంవత్సరమునకు 20 లక్షల రూపాయలు మించినచో జి.ఎస్.టి. నమోదు తప్పనిసరి, కట్టడపు కాంట్రాక్టు సేవగనే లెక్కింపబడును. 2022 జూలై నుండి ప్రభుత్వ కట్టడపు పనులకు పన్ను నూటికి 18. సిమెంటు, ఇనుము కొన్నప్పుడు చెల్లించిన పన్నును ఇందు తగ్గించుకొనవచ్చును, అయితే పక్కా బిల్లు ఉండవలెను. తెల్ల కాగితముపై వ్రాసిచ్చు దుకాణమువద్ద బస్తాకు పది రూపాయలు చౌకయని కొన్నవాడు అంతకు పెక్కు రెట్లు పోగొట్టుకొనును.

బిల్లు పెట్టిన దినమునకును, సొమ్ము చేతబడు దినమునకును నడుమ నుండు కాలమే కొత్త కాంట్రాక్టరుకు అసలైన పరీక్ష. పైన చెప్పిన 3 లక్షల బిల్లులో అసలు ఖర్చు సుమారు 2,60,000. దానిని ఊరి వడ్డీ నూటికి రెండు రూపాయలకు తెచ్చినచో నెలకు 5,200 వడ్డీ. అయిదు నెలలు ఆలస్యమైనచో 26,000. అంచనాలో చేర్చిన లాభము, ఇతర ఖర్చులు కలిసి ఈ బిల్లులో 39,000 మాత్రమే యని జ్ఞాపకముంచుకొనవలెను. కావున పని విలువలో సగమైనను సొంత సొమ్ముగనో, బ్యాంకు అప్పుగనో సిద్ధముగ లేనివాడు ఆ పనికి టెండరు వేయకుండుటయే మేలని మా అభిప్రాయము. ముందు చిన్న పనిలో దిగి, దాని తుది బిల్లు వచ్చిన పిమ్మటనే రెండవదానికి పోవుట మంచిది.

2023 సెప్టెంబరులో ప్రారంభమైన విశ్వకర్మ పథకమునందు తాపీ మేస్త్రీ వృత్తియు చేర్చబడినది. దాని క్రింద మొదట ఒక లక్ష, అది సరిగ తీర్చినవానికి పిదప రెండు లక్షల రూపాయలు నూటికి 5 వార్షిక వడ్డీపై తాకట్టు లేకుండ అప్పు ఏర్పరుపబడినది. పనిముట్లకు 15,000 రూపాయల సహాయము వేరు. ఈ పథకమున దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును గనుక సభ్యుల శ్రద్ధ ఇక్కడ నేరుగ ఉపకరించును. సంవత్సరమునకు నూటికి 5 ఎక్కడ, నెలకు నూటికి 2 ఎక్కడ!

శ్లాబు వేయు దినము

పని నాణ్యమును గూర్చి చెప్పవలసినది చాల గలదు. ఒక్క శ్లాబును తీసికొని చూచినను చాలును. గది లోపల 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, శ్లాబు మందము పన్నెండున్నర సెంటీమీటర్లు అయినచో, గోడలపై ఆను భాగము కాక 3.75 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టును. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర చొప్పున ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాలు, అనగా మొత్తము 30 బస్తాలు. భారత ప్రమాణముల సంస్థ నియమము ప్రకారము ఈ తరగతి కాంక్రీటుకు 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదు. తడిసిన ఇసుకలోని నీటిని కూడ ఇందులోనే లెక్కింపవలెను. కాంక్రీటు సులభముగ జారవలెనని పనివారు నలభై లీటర్ల వరకు పోయుదురు. ఆ అదనపు నీరు ఆవిరియై పోయిన చోట్ల సన్నని రంధ్రములు మిగులును. కారుట అక్కడ మొదలగును.

సభ్యులలో ఒకరు ఆ దినమున పని చోట నిలిచి ఖాళీ బస్తాలను లెక్కించినచో చాలును. ముప్పదికి ఇరువదిరెండే యున్నచో మిగిలిన సంగతి అడుగనక్కరలేదు.

రెండవది సెంట్రింగు తీయుట. శ్లాబు కమాను నాలుగున్నర మీటర్ల వరకైనచో క్రింది ఊతపు గుంజలను 7 దినములును, అంతకు మించినచో 14 దినములును ఉంచవలెనని నియమము. ఇది సాధారణ పోర్ట్‌లాండు సిమెంటునకు చెప్పిన గడువు. బూడిద కలిసిన పొజొలానా సిమెంటు నెమ్మదిగ గట్టిపడును గనుక దానికి ఇంజనీరు చెప్పినంత అధికముగ ఆగవలెను. మన గది వెడల్పు 5 మీటర్లు. 14 దినములకు తగ్గరాదు. సెంట్రింగు రేకులు, గుంజలు దినపు అద్దెవి, వేరొక పనివారు వానికై కాచుకొనియుందురు. అందుచే పదవ దినముననే తీయుటకు తొందరపడుదురు. తడుపుట సాధారణ సిమెంటునకు 7 దినములకును, పొజొలానా సిమెంటుకైనను, ఎండలు మెండుగ నున్నప్పుడైనను 10 దినములకును తగ్గరాదు. మన వేసవిలో శ్లాబుపై మట్టి గట్లు కట్టి నీరు నిలుపుట మంచిది. నీటి ఎద్దడిగల ఊళ్లలో తడి గోనెలు కప్పవచ్చును.

కూలీల యెడల బాధ్యత

కాంట్రాక్టరు అయిన దినమునుండి మేస్త్రీ యజమాని అగుచున్నాడు. మంచెమీదనుండి జారిపడినవానికి నష్టపరిహారమిచ్చు బాధ్యత 1923 నాటినుండియు చట్టరీత్యా యజమానిదే. 2025 నవంబరు 21 నుండి పాత కార్మిక చట్టముల స్థానమున నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము 50 మంది, అంతకు మించిన కాంట్రాక్టు కూలీలను పెట్టువాడు వేరుగ లైసెన్సు పొందవలెను. 1970 నాటి కేంద్ర చట్టములో ఈ సంఖ్య 20. చిన్న కాంట్రాక్టరుకు ఇది తగులకపోవచ్చును గాని, నష్టపరిహారపు బాధ్యత ఇద్దరు కూలీలున్నను తప్పదు. పని మొదలు పెట్టకముందే బీమా చేయించుట అతనికే రక్ష.

నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధికి ప్రతి బిల్లునుండియు సెస్సు పోవుచున్నదని పైన చెప్పితిమి. ఆ నిధినుండి ప్రసవ సహాయము, మరణ సహాయము మున్నగునవి పొందవలెనన్నచో కూలీ తన పేరు నమోదు చేయించుకొనియుండవలెను. పదునెనిమిదేండ్లు నిండి అరువది లోపువారై, గడచిన పన్నెండు నెలలలో 90 దినములు కట్టడపు పని చేసినవారు ఇందుకు అర్హులు. తమ పేర వసూలైన సొమ్ము అక్కడ నున్నదని తెలియని కూలీలు నేటికిని ప్రతి ఊరిలోను కలరు. కాంట్రాక్టరు జేబు పుస్తకములోని హాజరు లెక్క వారి 90 దినములకు సాక్ష్యమగును.

సభ్యుల స్వంత మర్యాద

పంచాయతీరాజ్ చట్టము ప్రకారము పంచాయతీ పనుల కాంట్రాక్టులో ఆసక్తిగల వ్యక్తి సభ్యత్వమునకు అనర్హుడు. పదవిలోనుండి అట్టి ఆసక్తి సంపాదించినవాడు సభ్యత్వమును కోల్పోవచ్చును. సభ్యుడే కాంట్రాక్టరు కాదలచినచో పదవి యొకటి, పని యొకటి ఎన్నుకొనవలెను. బావమరది పేరనో, పాలేరు పేరనో పని చేయించుటయు తుదకు బయటపడునదే.

పని మొదలగునాడు ఒడంబడిక నకలును పంచాయతీ కార్యాలయమునకు తెప్పించుకొని, అందలి పేరుగలవాడు పని చోట కనబడుచున్నాడా యని చూడవలెను. అంచనా మొత్తము, కాంట్రాక్టరు పేరు, గడువు తెలుపు బోర్డు దారినపోవువారు చదువగల యెత్తున పెట్టించవలెను. కనబడనివాని పేర పని జరుగుచున్నచో ఆ సంగతి సమావేశపు మినిట్సులో వ్రాయించి, ఇంజనీరు కార్యాలయమునకు తెలుపవలెను.

తుది బిల్లు చెల్లింపుతో కాంట్రాక్టరు లెక్క ముగియదు. నిలుపుదల సొమ్ములో కొంతయు, ధరావతును లోపముల బాధ్యత కాలము తీరువరకు ప్రభుత్వమువద్దనే యుండును. కట్టడములకు ఇది సామాన్యముగ రెండు సంవత్సరములు. ఈ లోపల శ్లాబు కారినను, గోడ బీటలువారినను కాంట్రాక్టరు తన ఖర్చుతో బాగుచేయవలెను. కాబట్టి మొదటి వానకాలములోనే సభ్యులు గది లోపలికి పోయి పైకప్పును చూచి, తడి కనబడినచో తేదీ వేసి ఇంజనీరుకు వ్రాయవలెను. గడువు తీరిన పిమ్మట వ్రాసిన ఉత్తరమునకు బలముండదు. కాంట్రాక్టరు కూడ పని ముగిసిన తేదీని తన పుస్తకములో వ్రాసియుంచుకొని, రెండవ యేడు నిండగానే ధరావతు కొరకు దరఖాస్తు పెట్టవలెను. 8 లక్షల పనికి ఆ ధరావతే 20,000 రూపాయలు. అడుగనివానికి అది దానంతట అది నడచి రాదు.